నలభై కిలోమీటర్ల పైన ఏముంది?

గడచిన వారం బేగంపేట దాకా వెళ్లి, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి మలేరియా క్రిమి జాడ పట్టిన కథ చెప్పుకున్నాం. ఆ కథంతా ఒక సూక్ష్మదర్శిని కింద, గోరంత చోటులో నడిచింది. ఈ వారం తల పైకెత్తాలి.

చలికాలపు పొద్దున సుచిత్ర చౌరస్తా ఎప్పుడూ ఉండేలాగే ఉంటుంది. నాగపూర్ హైవే మీద లారీలు, మేడ్చల్ బస్సుల కోసం ఎదురుచూసే కూలీలు, జీడిమెట్ల ఫ్యాక్టరీల మొదటి షిఫ్టుకు ఉరికే బండ్లు. హకీంపేట వైమానిక స్థావరం నుంచి లేచే విమానాల మోతకు ఇక్కడివాళ్ల చెవులు అలవాటు పడిపోయాయి. ఎవరూ పైకి చూడరు. చూసినవాళ్లకు మాత్రం కొన్ని ఉదయాల్లో ఆకాశంలో ఒక తెల్లని చుక్క కనబడుతుంది. వేగుచుక్క అనుకుంటారు. కాని ఎండ ముదిరినా అది మాయం కాదు. సరిగ్గా నెత్తిమీదికి వచ్చినప్పుడు కన్ను నిలిపి చూస్తే అది చుక్క కాదు, చిన్న బిళ్ల అని తెలుస్తుంది. చందమామ వెడల్పులో నాలుగో వంతు ఉంటుంది. నిజానికి అది 80 మీటర్లకు పైగా అడ్డం ఉన్న ప్లాస్టిక్ బెలూన్. విమానాలు తిరిగే ఎత్తుకు నాలుగు రెట్ల ఎత్తులో, నేల నుంచి 40 కిలోమీటర్ల పైన తేలుతూ ఉంటుంది.

అది లేచిన చోటు మనకు దూరమేమీ కాదు. సుచిత్రకు తూర్పు దిక్కున, గాలిలో కొలిస్తే పది పన్నెండు కిలోమీటర్లు. ఈసీఐఎల్ పక్కన ఒక విశాలమైన మైదానం ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అంటే టీఐఎఫ్ఆర్, 1969లో అక్కడ శాశ్వతంగా బెలూన్ కేంద్రం నెలకొల్పింది. ఇప్పటి లెక్కలో అది మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉంది. ఇంటి పక్కన ఇంత పెద్ద సాహసం అర్ధశతాబ్దం దాటి నడుస్తుంటే మన పాఠ్యపుస్తకాల్లో దాని ఊసు సరిగా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఈ భాగం రాయడానికి అదే కారణం.

పైన ఏముందో చూడాలన్న తపన మొదట్లో మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది. 1862 సెప్టెంబరు 5న ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ నుంచి జేమ్స్ గ్లేషర్ అనే వాతావరణ శాస్త్రవేత్త, హెన్రీ కాక్స్‌వెల్ అనే బెలూన్ నిపుణుడు ఒక తెరిచిన బుట్టలో పైకి లేచారు. ఆక్సిజన్ లేదు. వెచ్చటి గది లేదు. ఎనిమిది కిలోమీటర్లు దాటాక గ్లేషర్‌కు చేతులు కదలలేదు, తర్వాత చూపు పోయింది, ఆ తర్వాత స్పృహ పోయింది. కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోయాయి. గాలి వదిలే తాడును ఆయన పళ్లతో పట్టి లాగాడు. అలా ఇద్దరూ బతికి బయటపడ్డారు. స్పృహ వచ్చిన గ్లేషర్ మొదట చేసిన పని మళ్లీ పెన్సిల్ అందుకుని కొలతలు రాసుకోవడం. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో 'జెనిత్' అనే బెలూన్‌లో ముగ్గురు వెళితే ఇద్దరు శవాలై దిగారు. బతికిన గాస్టన్ టిసాందియేకు వినికిడి పోయింది.

ఇంత తెగించి వాళ్లు వెతికింది బంగారం కాదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఎంత చల్లబడుతుంది, ఎంత పలచబడుతుంది, అందులో తేమ ఎంత అన్న లెక్కల కోసమే.

మన కథకు అసలు మొదలు 1912 ఆగస్టు 7. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త విక్టర్ హెస్ ఆ రోజు హైడ్రోజన్ బెలూన్‌లో 5,350 మీటర్ల ఎత్తుకు వెళ్లాడు. ఆయన దగ్గర గాలిలోని విద్యుదావేశాన్ని కొలిచే పరికరాలు మూడున్నాయి. భూమిలోని రేడియోధార్మిక ఖనిజాల వల్లే గాలికి ఆవేశం వస్తోందని, కాబట్టి పైకి పోయేకొద్దీ అది తగ్గాలని అప్పటి నమ్మకం. కొంత ఎత్తు వరకు తగ్గింది. ఆపైన పెరగడం మొదలుపెట్టి, ఐదు కిలోమీటర్లు దాటేసరికి నేల మీదికంటే ఎంతో ఎక్కువైంది. అంటే ఏదో పై నుంచి వచ్చి పడుతోంది. రాత్రీ పగలూ, మన ఒంటిలోంచి కూడా దూసుకుపోతోంది. అప్పటిదాకా మానవజాతికి దాని సంగతే తెలియదు. అవే కాస్మిక్ కిరణాలు. ఈ ఫలితానికి 1936లో హెస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

పై నుంచి పడుతున్నది ఏమిటో తెలియాలంటే గాలి పొరకు అవతల, అది ఇంకా దేనికీ తగలకముందే పట్టుకోవాలి. అప్పట్లో మనిషి అంత ఎత్తుకు వెళ్లడం కష్టం కనుక పరికరాలను పంపడం మొదలైంది. బుట్టలో మనిషి లేడు కాబట్టి ఇక ధైర్యంతో పనేముందని అనిపించవచ్చు. నేను అలా అనుకోను. నాలుగైదేళ్లు చేతులతో కూర్చిన పరికరాన్ని ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్‌కు వేలాడదీసి, ఆకాశంలోకి వదిలి, తిరిగి వస్తుందో రాదో తెలియకుండా నేల మీద నిలబడటం వేరే రకం తెగువ. మన హైదరాబాద్ కథ ఆ తెగువ కథే.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే వేళకు భౌతిక శాస్త్రవేత్త హోమీ భాభా కేంబ్రిడ్జ్ నుంచి సెలవు మీద ఇండియాకు వచ్చి ఇక్కడే చిక్కుకుపోయారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరి కాస్మిక్ కిరణాల మీద పని మొదలుపెట్టారు. అదే రోజుల్లో అమెరికా నుంచి రాబర్ట్ మిలికన్ తన బృందంతో వచ్చి మన దేశంలో బెలూన్లు ఎగరేశాడు. ఇంత దూరం ఎందుకు వచ్చాడంటే, భూమి తానే ఒక పెద్ద అయస్కాంతం. బయటి నుంచి వచ్చే ఆవేశ కణాలను అది పక్కకు తోసేస్తుంది. ధ్రువాల దగ్గర ఆ తోపు బలహీనం, భూమధ్యరేఖ దగ్గర బలం ఎక్కువ. అందుకే మన అక్షాంశాల్లో బలహీనమైన కణాలు లోపలికి రాలేవు. మహాశక్తి ఉన్నవే గాలి పొరను చేరతాయి. అయస్కాంత క్షేత్రమే జల్లెడ పట్టి ఇచ్చిన కణాలను చూడాలంటే దక్షిణ భారతం లాంటి చోటు దొరకదు.

1945లో భాభా టీఐఎఫ్ఆర్‌ను స్థాపించారు. ఇక్కడే ఒక తెలుగువాడు కథలోకి వస్తాడు. ఆయన అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ నేర్చుకుని వచ్చి భాభా దగ్గర చేరారు. బెలూన్‌తో పైకి పోయిన పరికరం అక్కడ ఏం కొలిచిందో కిందికి రేడియోలో చెప్పాలి. చలికి గడ్డకట్టకూడదు, బరువు ఉండకూడదు. ఆ రోజుల్లో అలాంటివి బజారులో కొందామంటే దొరికేవి కావు, తయారు చేసుకోవాల్సిందే. అలా చేసుకున్న పరికరాలతో, రబ్బరు బెలూన్లను గుత్తిగా కట్టి ఎగరేసి, ఆకాశంలో కాస్మిక్ కిరణాల తీవ్రతను కొలిచిన తొలి భారతీయుల్లో ఆయన ఒకరు. 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను, అంటే మనం ఈసీఐఎల్ అనే కంపెనీని, నిలబెట్టిందీ ఆయనే. ఏఎస్ రావు నగర్ అని రోజూ బస్సు బోర్డు మీద చదివే పేరు ఆయనదే. కాస్మిక్ కిరణాల వెంటపడిన మనిషి పేరు పెట్టుకున్న కాలనీకి, కాస్మిక్ కిరణాల కోసం పుట్టిన బెలూన్ మైదానం పక్కనే ఉండటం నాకెంతో ఇష్టమైన సంగతి.

రబ్బరు బెలూన్లతో ఒక చిక్కు ఉండేది. ఎక్కేకొద్దీ సాగి సాగి, ఏదో ఒక ఎత్తులో పగిలిపోతాయి. ఒకే ఎత్తులో గంటల తరబడి నిలబడవు. దానికి మందు పాలిథీన్ బెలూన్. 1955లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నుంచి ఎం.జి.కె. మీనన్ టీఐఎఫ్ఆర్‌కు వచ్చారు. అక్కడ ఆయన పనిచేసింది సిసిల్ పావెల్ ప్రయోగశాలలో. ఫోటో ఎమల్షన్ పలకలను పైకి పంపి, వాటిలో కాస్మిక్ కణాలు గీసిన గీతలను చదవడంలో ఆరితేరిన చోటది. ప్లాస్టిక్ బెలూన్ల విద్య అలా మన దేశానికి చేరింది. 1959 నాటికి హైదరాబాద్ ఆకాశంలోకి పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు లేచాయి. అప్పటికి సొంత మైదానం లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం చోటిచ్చింది.

ఈ టీఐఎఫ్ఆర్ వాళ్లే ఇంకొకవైపు కోలారు బంగారు గనుల్లోకి, రెండు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, ఏ కాస్మిక్ కణం అక్కడిదాకా రాగలదో వెతికారు. 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ ఆ లోతులోనే దొరికింది. ఆ కథ ఇంకో వారానికి ఉంచుకుందాం. ఒకే ప్రశ్నకు జవాబు కోసం ఒకరు పాతాళానికి, ఒకరు ఆకాశానికి పోయారన్నది మాత్రం ఇక్కడ గుర్తుంచుకోండి.

హైదరాబాదే ఎందుకు? అయస్కాంత అక్షాంశం ఒక కారణం. రెండోది నేల. చుట్టూ వందల కిలోమీటర్లు దక్కన్ పీఠభూమి. పరికరం ఎక్కడ దిగినా సముద్రంలో పడదు, వెళ్లి తెచ్చుకోవచ్చు. మూడోది గాలి. చలికాలంలో కింది పొరల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది కనుక బెలూన్ మొదట తూర్పుకు కొట్టుకుపోతుంది. 20 కిలోమీటర్లు దాటాక స్ట్రాటో ఆవరణంలో గాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తే, అది మళ్లీ వెనక్కి వచ్చి మన నెత్తిమీదుగా పడమటికి సాగిపోతుంది. భువనగిరి దిక్కుగా పోయింది కాస్తా కొన్ని గంటల్లో వికారాబాద్ మీద తేలడం ఇందుకే.

ఇన్ని వరాలకు ఒక శాపం కూడా ఉంది. ఉష్ణమండలంలో ఎండలు ఎక్కువ కాబట్టి ఆకాశం కూడా వెచ్చగా ఉంటుందనుకుంటాం. ఉన్నది దానికి తలకిందులు. సుమారు 17 కిలోమీటర్ల ఎత్తులో, ట్రోపో ఆవరణం ముగిసే చోట, మన నెత్తిమీది చలి మైనస్ 80 డిగ్రీలు దాటుతుంది. ఐరోపా మీద అదే సరిహద్దు ఇంత చల్లగా ఉండదు. అక్కడి ఆకాశానికి సరిపోయిన ప్లాస్టిక్ ఇక్కడి ఆకాశంలో గాజులా పెళుసెక్కి చిట్లిపోతుంది. గాలి వేగం కూడా అక్కడే ఎక్కువ. అందుకే హైదరాబాద్ వాళ్లు బెలూన్లు కొని ఎగరేయడం కాకుండా, ఆ చలికి తట్టుకునే పొరను ఎంచుకుని, బెలూన్‌ను స్వయంగా కుట్టడం, నిజానికి వేడితో అతికించడం, నేర్చుకోవాల్సి వచ్చింది. పొడవాటి బల్లల మీద పాలిథీన్ పట్టీలను పరిచి, అంచుకు అంచు కలిపి అతుకుతారు. పొర మందం సాధారణంగా 20 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, మనిషి వెంట్రుకలో మూడో వంతు. తేలిక పరికరాల కోసం 4 మైక్రాన్ల కన్నా పలచనివీ చేశారు. అంత పొడవైన అతుకుల్లో ఎక్కడో ఒక్క సూదిబెజ్జం ఉన్నా అంతే సంగతులు. అందుకే పొరను అంగుళం అంగుళం పరీక్షిస్తారు. ఆ బల్లల దగ్గర నిలబడి పనిచేసినవాళ్ల పేర్లు ఏ శాస్త్ర పత్రికలోనూ రావు. కాని దేశపు ఎక్స్‌రే ఖగోళశాస్త్రం వాళ్ల వేళ్ల మీద నిలబడింది.

బెలూన్ లేపేది రాత్రి పూట, చాలాసార్లు తెల్లవారుజామున. నేల మీద గాలి పూర్తిగా సద్దుమణిగే వేళ అది. మైదానం పొడవునా గుడ్డ పరిచి దాని మీద బెలూన్‌ను పడుకోబెడతారు. ఒక చివర గొట్టాల గుండా హైడ్రోజన్ ఎక్కిస్తారు. బయటి దేశాల్లో హీలియం వాడతారు. మనకు అది దిగుమతి సరుకు. హైడ్రోజన్‌తో పని అంటే చిన్న నిప్పురవ్వ పుట్టినా ప్రమాదమే. చుట్టూ ఉన్నవాళ్ల బట్టలు, చెప్పులు, పనిముట్లు అన్నిటికీ నియమాలుంటాయి. ఎంత పెద్ద బెలూన్ అయినా నేల మీద పైకొనలో ఒక బుడగ మాత్రమే ఉబ్బుతుంది, మిగతాదంతా తాడులా వేలాడుతుంది. చూసినవాళ్లు ఇంత ఖాళీగా వదులుతున్నారేమని అడుగుతారు. 40 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి ఎంత తక్కువంటే, ఆ బుడగే సుమారు మూడు వందల రెట్లు ఉబ్బి మొత్తం సంచిని నింపుతుంది. బెలూన్ కింద పారాచూట్, దాని కింద రేడియో పెట్టె, అన్నిటికన్నా కింద పరికరం. పరికరాన్ని ట్రక్కు మీద పట్టుకుంటారు. బుడగను వదలగానే అది లేచి నిటారుగా నెత్తిమీదికి వచ్చేదాకా ట్రక్కు గాలి వాలును బట్టి కదులుతుంది. సరిగ్గా పైకి వచ్చిన క్షణాన పట్టు వదులుతారు. ఒక్క క్షణం అటో ఇటో అయితే పరికరం నేలకు తగిలి నుజ్జవుతుంది.

అక్కడి నుంచి రెండు మూడు గంటలు ఎక్కడమే. ఆ మైనస్ 80 డిగ్రీల గీత దాటేదాకా కింద ఎవరూ స్థిమితంగా కూర్చోరు. అక్కడ చిట్లితే ఒక పరిశోధక విద్యార్థి నాలుగేళ్ల పని పొలంలో కుప్పగా పడుతుంది. మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి, మళ్లీ తన వంతు కోసం ఇంకో చలికాలం దాకా ఆగాలి. అలా ఆగినవాళ్లు, మళ్లీ కట్టుకున్నవాళ్లు ఉన్నారు కనుకే కిందివన్నీ మనకు తెలిశాయి.

1962లో అమెరికావాళ్లు రాకెట్‌లో పంపిన పరికరానికి వృశ్చిక రాశి దిక్కున కళ్లకు కనబడని ఎక్స్‌రేలు కుమ్మరిస్తున్న వస్తువొకటి తగిలింది. దానికి స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. సూర్యుడు కాక అలా వెలిగేది ఆకాశంలో ఇంకొకటుందని ఎవరూ ఊహించలేదు. ఆరేళ్లు తిరక్కుండానే, 1968 ఏప్రిల్ 28న, హైదరాబాద్ నుంచి లేచిన బెలూన్ అదే వస్తువును చూసింది. మన దేశపు ఎక్స్‌రే ఖగోళశాస్త్రానికి పుట్టినరోజు అదేననాలి. ఆ పని చేసిన యువకుల్లో పి.సి. అగ్రవాల్ ఒకరు. ఆయన తర్వాతి దశాబ్దాలన్నీ ఇదే మైదానం నుంచి ఇంకా మెరుగైన పరికరాలు పంపుతూ వచ్చారు. 2015 సెప్టెంబరు 28న కక్ష్యలోకి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం మోసుకెళ్లిన పెద్ద ఎక్స్‌రే పరికరాలకు ముందురూపాలు మన మీది ఆకాశంలో తేలిన బెలూన్ల కింద వేలాడినవే. ఒక మీటరు అద్దం ఉన్న దూరదర్శినిని కూడా 1980ల నుంచి ఇలాగే పైకి పంపి, కొత్త నక్షత్రాలు పుట్టే ధూళి మేఘాలను పరారుణ కాంతిలో చూశారు. ఆ కాంతిని గాలిలోని తేమ మింగేస్తుంది కనుక నేల మీద అది కనబడదు.

చుక్కల సంగతి అలా ఉంచి, ఆ ఎత్తున ఉన్న గాలిని కూడా పట్టి తెచ్చారు. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి 1987లో ఇక్కడి నుంచి బెలూన్ పంపి, స్ట్రాటో ఆవరణంలోని గాలిని సీసాల్లో నింపి తెచ్చాయి. అప్పట్లో ఫ్రిజ్జుల్లో వాడిన వాయువులు ఓజోన్ పొర దాకా ఎంత చేరాయో ఉష్ణమండలంలో కొలవడం అందులో ముఖ్యమైన పని. ఓజోన్‌ను కాపాడే మాంట్రియల్ ఒప్పందం మీద ప్రపంచ దేశాలు సంతకం చేసింది అదే ఏడాది సెప్టెంబరులో.

పని అయ్యాక కిందినుంచి రేడియోలో ఆజ్ఞ ఇస్తే తాడు తెగుతుంది. బెలూన్ చిరిగి ఒక దిక్కు పడుతుంది, పరికరం పారాచూట్‌తో ఇంకో దిక్కు దిగుతుంది. విశాఖపట్నం, హైదరాబాద్, సోలాపూర్ కలిపి గీత గీస్తే ఆ గీతకు అటూ ఇటూ ఎక్కడైనా దిగవచ్చు. అందుకే ఎగరేసే కాలం వచ్చినప్పుడు జిల్లాల పేర్లు చెప్పి పత్రికల్లో ప్రకటన వేస్తారు. పరికరం మీద కూడా ప్రాంతీయ భాషల్లో రాసి ఉంటుంది. తాళ్లు కోయవద్దు, పెట్టె విప్పవద్దు, లోపల ఎక్కువ వోల్టేజీ ఉండవచ్చు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు కబురు చెప్పండి, ముట్టుకోకుండా అప్పగిస్తే బహుమానం ఇస్తాం అని దాని సారాంశం.

ఈ ప్రకటనకు రెండు వందల నలభై ఏళ్ల పూర్వీకురాలు ఉంది. 1783 ఆగస్టు 27న పారిస్‌లో జాక్ షార్ల్ ఎగరేసిన తొలి హైడ్రోజన్ బెలూన్ గొనెస్ అనే పల్లెలో దిగింది. బుసలు కొడుతూ ఎగిరెగిరి పడుతున్న ఆ వస్తువును చూసి రైతులు హడలిపోయి, కవకట్టెలతో పొడిచి చీల్చి, గుర్రం తోకకు కట్టి ఈడ్చారు. వాళ్లను వెక్కిరించడానికి లేదు. ఆకాశం నుంచి అలాంటిది దిగడం వాళ్లు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఫ్రెంచి ప్రభుత్వం వెంటనే ప్రజలకు ప్రకటన చేసింది, ఇలాంటివి ఇక మీదట కనబడతాయి, భయపడవద్దని.

2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో గుడ్డు ఆకారంలో ఒక పెద్ద గది లాంటిది దిగింది. స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే సంస్థ, ముందు ముందు మనుషులను స్ట్రాటో ఆవరణం దాకా తీసుకుపోవాలని తయారు చేసిన నమూనా అది. లోపల మనిషి లేడు. మన బెలూన్ కేంద్రం దాన్ని 37 కిలోమీటర్ల ఎత్తుకు పంపి పరీక్షించింది. మొదట గ్రహాంతర నౌక అన్న మాట పాకింది, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం పోటెత్తారు. ఆ జనంలో కర్ర పట్టినవాడు లేడు. ఫోన్లు తీసి ఫోటోలు దిగారు, పోలీసులకు చెప్పారు, శాస్త్రవేత్తలు వస్తే చుట్టూ చేరి ఏమిటిదని అడిగారు. పత్తి చేను దాటి వచ్చి ఇదెక్కడిది అని అడిగినవాడి కుతూహలాన్ని హెస్ కుతూహలం కన్నా తక్కువ చేసి చూడలేను. దానికి జవాబు చెప్పే ఏర్పాటు మనం చేయకపోవడమే లోపం. జిల్లాలోని బడిపిల్లలను ఏడాదికొకసారి ఆ మైదానానికి తీసుకుపోయి చూపించాలి.

ఇక ఈ కేంద్రం చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి ఉంచిన ప్రయోగం. భూమి మీది జీవం భూమి మీదే పుట్టిందా, లేక తోకచుక్కల ధూళితో పై నుంచి రాలిందా? బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, శ్రీలంకలో పుట్టిన చంద్ర విక్రమసింఘే రెండోదే నిజమని వాదించారు. శాస్త్రలోకం చాలావరకు ఒప్పుకోలేదు. హాయిల్ శిష్యుడు జయంత్ నార్లికర్ వాదన పక్కన పెట్టి, వెళ్లి చూద్దాం అన్నారు. ఇస్రో ఖర్చు భరించింది. 2001 జనవరి 21న ఒక బెలూన్ 41 కిలోమీటర్ల దాకా వెళ్లి గాలి తెచ్చింది. అందులో సూక్ష్మజీవుల ఆనవాళ్లు కనబడ్డాయి. కాని ఇలాంటి ఫలితానికి మొదటి అనుమానం ఎప్పుడూ ఒకటే: ఆ జీవులు నిజంగా పైనున్నవా, లేక మన చేతుల నుంచి, నేల గాలి నుంచి అంటుకున్నవా? కాబట్టి ఇంకా జాగ్రత్తగా మళ్లీ చేయాలనుకున్నారు.

2005 ఏప్రిల్ 20న లేచిన రెండో బెలూన్ ఘనపరిమాణం 2.67 కోట్ల ఘనపు అడుగులు. దాని కింద 459 కిలోల పరికరం. అందులో గాలి ఏమాత్రం లేకుండా తోడేసి, క్రిములు లేకుండా శుద్ధి చేసిన ఉక్కు గొట్టాలు 16. వాటి చుట్టూ ద్రవ నియాన్, మైనస్ 246 డిగ్రీల చలి. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల వరకు వేర్వేరు ఎత్తుల్లో గొట్టాల మూతలు ఆజ్ఞ ప్రకారం తెరుచుకుంటే, అక్కడి పలచని గాలి లోపలికి పోయి ఆ చలికి గడ్డకట్టి చిక్కుకుంటుంది. పారాచూట్‌తో దిగిన గొట్టాలను హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రం విడివిడిగా పరీక్షించాయి. సీసీఎంబీలో ఆ పని చూసిన ఎస్. శివాజీ అంటార్కిటికా మంచులో బతికే బ్యాక్టీరియా మీద ఏళ్ల తరబడి పనిచేసినవారు. చెప్పుకున్నంత తేలిక కాదు ఈ పరీక్ష. షామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారుచేసే గదుల్లోకి పోయేవాళ్లను అడిగితే, ఒక్క క్రిమి కూడా బయటి నుంచి రాకుండా చూడటం ఎంత కష్టమో చెబుతారు.

2009 మార్చిలో ఫలితం ప్రకటించారు. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాల గుంపులు పెరిగాయి. చాలావరకు మనకు తెలిసినవే. మూడు మాత్రం అప్పటిదాకా ఏ జాబితాలోనూ లేని కొత్త జాతులు. భూమి మీది తమ దగ్గరి చుట్టాల కన్నా అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకుంటున్నాయి. ఒకదానికి హాయిల్ పేరు మీద జానిబాక్టర్ హోయిలీ అని, ఇంకోదానికి ఇస్రో పేరుతో బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అని, మూడోదానికి ఆర్యభటుడి పేరుతో బాసిల్లస్ ఆర్యభట్టై అని నామకరణం చేశారు. అవి భూమికి బయటివని ఇది తేల్చి చెప్పడం లేదని, పని కొనసాగించడానికి మాత్రం ఊతమిస్తోందని ఇస్రో ఆ రోజే స్పష్టంగా చెప్పింది. పత్రికలు గ్రహాంతర జీవులని శీర్షికలు పెట్టినా ప్రయోగం చేసినవాళ్లు ఆ మాట అనలేదు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అక్కడే.

తర్వాతి ఏళ్లలో బాసిల్లస్ ఆర్యభట్టై నేల మీద కూడా దొరకడం మొదలైంది. మన దేశంలో, వేరే దేశాల్లో, పొలాల మట్టిలో, మొక్కల వేళ్ల చుట్టూ కనబడింది. సోయా లాంటి పైర్లకు జింకును కరిగించి అందిస్తుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఇప్పుడు వర్గీకరణలో దాని ఇంటిపేరు కూడా మారింది, ప్రీస్టియా అంటున్నారు. ఆకాశంలో దొరికిందనుకున్నది కాళ్ల కింది మట్టిలో ఎప్పటి నుంచో ఉందన్నమాట.

దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. నాకు అలా కనిపించదు. అది భూమి జీవే అయితే, మట్టి నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కిన దారి ఏదో చెప్పాలి. మామూలు తుఫాను గాలులు 17 కిలోమీటర్ల సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి. ఆపైకి దేన్నైనా ఎత్తగల మహా అగ్నిపర్వతాలు ఎప్పుడో గాని పేలవు. పైగా అక్కడ గాలి, తేమ దాదాపు లేవు, కాపాడే ఓజోన్ కిందనే ఉండిపోయింది. అంత ఎండకు కాలిపోకుండా, తిరిగి ప్రయోగశాల పళ్లెంలో పెరిగేంత ప్రాణంతో ఎలా నిలిచింది? పై నుంచే రాలిందంటే, భూమి మీది చుట్టాలతో దాని జన్యువులు ఎందుకంత దగ్గరగా ఉన్నాయి? నార్లికర్ 2025 మే 20న పుణెలో కన్నుమూశారు. ఈ ప్రశ్నల్లో ఏదో ఒకదానికి జవాబు కావాలంటే గొట్టాలు శుద్ధి చేసుకుని మళ్లీ పైకి పంపాల్సిందే, ఇంకో ఎత్తులో, ఇంకో రుతువులో, ఈసారి ఎన్ని కణాలు ఏ ఎత్తున ఉన్నాయో లెక్కపెట్టేలా.

(వచ్చే వారం: నిజామియా వేధశాల, నక్షత్రాల పటం గీసిన హైదరాబాద్)